గిటార్‌కు సారు గావాల్నా, ఫోన్ సాలదా?

నాలుగేండ్ల కింద, డిగ్రీ రెండో సంవత్సరంల ఉన్నప్పుడు నేనొక గిటార్ కొన్న. సెకండ్ హ్యాండ్‌ది. 2,800 రూపాయలు. అమ్మకు మాత్రం 1,500 అని చెప్పిన. బస్సుల తెస్తుంటే కండక్టర్ "ఇదేంది బిడ్డా, తంబూరనా?" అనడిగిండు. ఇంటికొచ్చి ఫోన్ ముందట వెట్టుకొని షురూ జేసిన. సారు లేడు, క్లాసు లేదు. రెండేండ్లు గట్లనే గడిచింది.

ఇప్పుడు ఊర్లె ఏ పోరగాడు గిటార్ కొన్నా మొదలు నా కాడికే వస్తడు. అడిగేది ఒక్కటే ముచ్చట: "అన్నా, యూట్యూబ్ల జూసి నేర్సుకుంటే వస్తదా, పైసలు వెట్టి సారు కాడికి పోవాల్నా?" నేను రెండు తొవ్వలు నడిచినోన్ని. రెండింట్ల దెబ్బలు తిన్నోన్ని. గందుకే జర ఇడమరిచి చెప్త.

ముందుగాల ఫోన్‌కు ఇయ్యాల్సిన ఇజ్జత్ ఇయ్యాలె. మా ఊరి నుంచి గిటార్ చెప్పే సారు ఉన్న టౌనుకు 40 కిలోమీటర్లు. ఫోన్ లేకపోతే నేను గిటార్ ముట్టుకునేటోన్నే గాదు. ఆరు తీగలను ఎట్ల శ్రుతి చేయాల్నో ఫోనే నేర్పింది. లావు తీగ నుంచి సన్న తీగ దాక ఈ, ఏ, డి, జి, బి, ఈ. ట్యూనర్ యాప్ తెరిచి తీగ మీటితే, శ్రుతి దిగిందా ఎక్కిందా అదే చెప్తది. యాప్ లేకున్నా ఉపాయం ఉన్నది. లావు తీగను ఐదో ఫ్రెట్ కాడ నొక్కితే దాని పక్క తీగ ఉత్తగ మీటిన సప్పుడే రావాలె. అన్ని తీగలకు ఇదే లెక్క, ఒక్క జి తీగ కాడ మాత్రం నాలుగో ఫ్రెట్. ఇది నేర్సుకున్ననాడు చెవు తెరుసుకున్నట్టయింది.

ఈ మైనర్ కార్డ్‌కు రెండేండ్లు కాదు, రెండు వేళ్లు సాలు. మొదటి దినమే వాయించొచ్చు. వారంల ఏ మైనర్, నెలల సి, జి, డి. ఈ ఐదు కార్డ్‌లతోని సినిమా పాటలు మస్తు నడుస్తయి. ఇంతవరకు సారు అక్కరే లేదు. ఈ మాట సారు పనిచేసేటోళ్లకు నచ్చకపోవచ్చు గని, ఉన్నమాట ఇదే.

నా కథ అడ్డం తిరిగింది ఆడ గాదు, చేతి మణికట్టు కాడ.

ఏడాదిన్నర అయినంక ఎడమ చెయ్యి మణికట్టు గుంజుడు మొదలైంది. పావుగంట వాయిస్తే బొటనవేలు నుంచి మోచేతి దాక తిమ్మిరి. వేళ్ల కొసలు నొయ్యుడు వేరు. అది అందరికీ ఉంటది, రెండు మూడు వారాలల్ల తోలు గట్టివడి పోతది. ఇది గాదు. నేనేమో ఎక్కువ వాయిస్తున్న గదా, గట్లనే ఉంటది అనుకున్న. బామ్ రాసుకొని మల్ల వాయించిన. నొప్పి వస్తే కష్టపడుతున్నట్టు లెక్క అని ఏదో వీడియోల విన్న గూడ. ఎంత తెలివితక్కువతనం!

యూట్యూబ్ల నేర్సుకునేటోన్ని మనోళ్లు ఏకలవ్యుడు అంటరు. మెచ్చుకునుడుకే అంటరు గని, ఆ కథల ఇంకో ముచ్చట ఉన్నది. ఏకలవ్యుని ముందటున్నది మట్టిబొమ్మ. బొమ్మను ఈయన చూస్తడు, బొమ్మ ఈయనను చూడది. ఫోన్ గూడ అంతే. తెర మీదున్న మనిషి ఎంత మంచిగ చెప్పినా నీ మణికట్టు ఎట్ల వంగిందో ఆయనకు కనవడది. నేను తప్పు చేస్తున్న సంగతి రెండేండ్లు ఎవ్వరూ చెప్పలె. చెప్పేటోళ్లు లేక గాదు, చూసేటోళ్లు లేక.

ఏకలవ్యునికి బాణం ఉన్నది. కొడితే తగులుతది, లేకుంటే తగలది. తప్పొప్పులు దానంతట అదే చెప్తది. గిటార్ గట్ల చెప్పది. తప్పు పద్ధతిల నొక్కినా సప్పుడు వస్తది. ఆ సప్పుడే మనల్ని మోసం చేస్తది.

ఇగ సారు కాడికి పోవాలె అనుకున్న. మొదలు పోయింది టౌనుల బోర్డు పెద్దగున్న ఒక క్లాసుకు. మూడు నెలలకు 6,000 ముందే కట్టించుకున్నరు. ఒక్క గదిల పన్నెండు మందిమి. చెప్పే అబ్బాయి నాకంటె ఒక్క ఏడాదే పెద్ద. వచ్చినోడు వచ్చినట్టు బోర్డు మీద నెంబర్లు రాసి, ఇది వాయించుండ్రి అని ఫోన్ జూసుకుంట కూసునేటోడు. నెలంత ఒక్క తీగ మీద బర్త్‌డే పాట వాయించిన. నా చెయ్యి నొస్తుందని చెప్తే "ప్రాక్టీస్ చెయ్యి బ్రో" అన్నడు. నెలన్నరకే మానేసిన. పైసలు వాపస్ ఇయ్యలె. పత్తి ఏరిన కూలి పైసలు అవి. ఇప్పటికీ ఆ బోర్డు కనవడితే మనసు కలుక్కుమంటది.

అంటే సారు ఉన్నంత మాత్రాన అయిపోదు. నిన్ను చూడని సారు గూడ మట్టిబొమ్మనే. కాకపోతే ఫీజు తీసుకునే మట్టిబొమ్మ.

రెండోసారి ఒక ముసలాయన కాడికి పోయిన. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలల్ల వాయించిన మనిషి. ఇంట్లనే చెప్తడు. నెలకు 1,200, వారానికి రెండు రోజులు, బస్సు కిరాయి పోను రాను ఇంకో 90. మొదటి దినం ఆయన నాకేం చెప్పలె. "ఏదన్న వాయించు" అన్నడు. నేను నాకొచ్చిన పెద్ద పాట అందుకున్న. వేళ్లు చూస్తడేమో అనుకుంటే, నా భుజం చూస్తుండు. సగంల ఆపి "నువ్వు గిటార్‌ను అద్దం లెక్క పండవెడుతున్నవ్" అన్నడు.

నిజమే. నా వేళ్లు నాకు కనవడాలని గిటార్ ముఖాన్ని మీదికి తిప్పి ఒళ్లె పండవెట్టేటోన్ని. అట్ల పండవెడితే ఎడమ చెయ్యి అందుకోనికి మణికట్టు మడత వడాలె. మడత వడ్డ చేతితోని గట్టిగ నొక్కుతే నరాలు ఏం గావాలె? సారు గిటార్‌ను నిటారుగ నిలవెట్టిండు, మెడను జర మీదికి లేపిండు, బొటనవేలును వెనుక నడుమకు జరిపిండు. ఐదు నిమిషాల పని. నా చెయ్యి నొప్పి మూడు వారాలల్ల సగం తగ్గింది.

అదే దినం ఇంకొకటి చూపెట్టిండు. సి కార్డ్ నుంచి ఏ మైనర్‌కు పోవాలంటే నేను మూడు వేళ్లు లేపి మల్ల మూడు వేళ్లు పెట్టేటోన్ని. గందుకే పాట ఎప్పుడూ తట్టుకుంట నడిచేది. ఆయన అన్నడు, "చూపుడు వేలు ఆడనే ఉండాలె, నడిమి వేలు ఆడనే ఉండాలె. ఒక్క ఉంగరం వేలే కదా జరగాల్సింది?" రెండేండ్ల సంది ఆ రెండు కార్డ్‌లు దినాం వాయించిన. రెండు వేళ్లు ఒక్క జాగలనే ఉంటయన్నది నా కంటికి ఆనలె. వీడియోలల్ల చెప్పే ఉంటరు. కాని నాకు అక్కరున్నప్పుడు, నా చేతిని చూసుకుంట చెప్పలె. తేడా గదే.

జి కార్డ్‌ది గూడ అంతే. చూపుడు వేలు ఖాళీగ ఉంచి నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలుతోని జి పట్టుకుంటే, సి కి పోవుడు మస్తు అల్కగైతది. మీది రెండు వేళ్లు ఒక్కొక్క తీగ కిందికి దిగుతయి, చూపుడు వేలు వచ్చి బి తీగ మీద కూసుంటది, అంతే. చిటికెన వేలు మొదట మాట వినది. రెండు వారాలు బతిలాడాలె.

ఇగ ఎఫ్ కార్డ్. గిటార్ కొన్నోళ్లల్ల చాలామంది దీని కాడనే గిటార్‌ను మంచం కిందికి తోస్తరు. చూపుడు వేలును అడ్డంగ పండవెట్టి ఆరు తీగలు ఒక్కసారి నొక్కాలె. నాకు ఏడాది రాలె. నా వేళ్లు పొట్టివి, నాకు రాసి లేదు అనుకున్న. సారు చేసిన పని ఏందంటే, అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ కాడ పట్టుమన్నడు. పట్టిన. మంచిగనే మోగింది! "ఇక్కడ మోగి, మొదటి ఫ్రెట్ కాడ మోగలేదంటే తప్పు నీ వేలుది గాదు, గిటార్‌ది" అన్నడు. మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ ఉంటది, నట్ అంటరు. సస్త గిటార్లల్ల దాని గాట్లు తక్కువ లోతుంటయి. తీగ లేచి ఉంటది, నొక్కుడు కష్టమైతది. గిటార్ రిపేర్ చేసేటోనితోని ఆ గాట్లు జర దిగగొట్టిస్తే సగం బాధ పోతది. 12వ ఫ్రెట్ కాడ గూడ చూసుకోవాలె. ఫ్రెట్ కడ్డీకి తీగకు నడుమ రెండు రూపాయి బిళ్లలు దూరేంత సందు కంటె ఎక్కువుంటే, కొత్తగ నేర్సుకునేటోనికి అది గిటార్ గాదు, శిక్ష. గిటార్ కొనేటప్పుడు రంగు చూస్తరు, స్టిక్కర్ చూస్తరు, ఈ సందు చూడరు. కొనంగ వాయించొచ్చిన మనిషి ఒకరిని ఎంట తీస్కపోతే ఆ ఒక్క పూట సాయం ఆరు నెలల క్లాసుల కంటె ఎక్కువ.

గొప్పోళ్లందరు సొంతంగనే నేర్సుకున్నరు గదా అని ఒక వాదం ఉన్నది. జిమి హెండ్రిక్స్ పేరు ముందుగాల తీస్తరు. నిజమే, ఆయనకు సారు లేడు, స్వరలిపి చదువరాదు. ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి గిటార్‌ను తలకిందులు తిప్పి వాయించిండు. కాని ఆయన గదిల ఒక్కడే కూసొని గొప్పోడు కాలే. పేరు రాకముందు లిటిల్ రిచర్డ్ లాంటోళ్ల బ్యాండ్లల్ల వెనుక నిలవడి వాయించిండు. పక్కన పాతోళ్లు, ముందట జనం. తప్పు వాయిస్తే అప్పుడే తెలుస్తది. అది క్లాసు గాదంటే ఏమనాలె?

ఇళయరాజా కథ మనకు ఇంకా దగ్గరిది. తమిళనాడుల పన్నైపురం అనే పల్లెటూరాయన. పద్నాలుగేండ్లకే అన్న వరదరాజన్ బృందం ఎంట ఊరూరు తిరుక్కుంట పాడిండు, వాయించిండు. పని చేసుకుంటనే నేర్సుకునుడు. ఆ అనుభవంతోనే సాలు అనుకోలే. మద్రాసుకు వచ్చి ధన్‌రాజ్ మాస్టర్ కాడ పాశ్చాత్య సంగీతం రాసుడు, చదువుడు నేర్సుకున్నడు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్ష గూడ రాసిండు. సలీల్ చౌదరి లాంటోళ్లకు గిటార్ వాయించి, అటెన్క సంగీత దర్శకుడైండు. చేతులకు పని వచ్చినంక సారు కాడికి పోయిండు. ఏం అడగాల్నో తెలిసి పోయిండు. నాకు ఈ వరుస నచ్చుతది.

నాకు అన్నిటికంటె ఎక్కువ పనికొచ్చిన కథ మాండలిన్ శ్రీనివాస్‌ది. 1969ల పాలకొల్లుల పుట్టిండు. కర్ణాటక సంగీతంల మాండలిన్ అంతకుముందు లేనట్టే. మరి ఎవరు నేర్పాలె? ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాట పాడేటాయన, మాండలిన్ వాయించేటాయన గాదు. గురువు నోటితోని పాడుతుంటే, పిల్లగాడు దాన్ని తీగల మీదికి తెచ్చుకున్నడు. వేళ్లు ఎక్కడ వెట్టాల్నో సొంతంగ ఎతుక్కున్నడు, సంగీతం మాత్రం గురువు కాడ నేర్సుకున్నడు. సొంతమా, సారా అన్న పంచాయితీ ఆడ పనిచేయది. రెండూ ఒక్క మనిషిలనే ఉన్నయ్.

నాకు గసొంటి గురువు మా వాడకట్టులనే దొరికిండు. డప్పు కొట్టే ఒక కాక. వీడియోలల్ల నేర్పే దరువు చాలామట్టుకు నాలుగు లెక్కల ఉంటది. కింద, కింద, మీద, మీద, కింద, మీద అని చెయ్యి ఆడిస్తరు. నేను మన జానపదాలకు గూడ అదే కొట్టేటోన్ని. పాట ఒకదిక్కు, గిటార్ ఒకదిక్కు పోయేది. మన జానపదాలు మస్తుగ మూడు మూడు లెక్కన నడుస్తయి. కాక ఒకనాడు అరుగు మీద కూసొని విన్నడు. "నువ్వు తకధిమి కొడుతున్నవ్ కొడుకా, పాటేమో తకిట తకిట అంటుంది. మొదలు నోటితోని చెప్పు, తర్వాత కాలుతోని కొట్టు, అటెన్క గా డబ్బా ముట్టు" అన్నడు. గిటార్‌ను ఆయన ఇప్పటికీ డబ్బా అనే అంటడు. కాని దరువు సంగతిల నాకు ఆయనను మించిన సారు లేడు. ఫీజు, ఒక చాయ్.

మన ఊర్లల్ల డప్పు ఎట్ల నేర్సుకుంటరో చూడుండ్రి. క్లాసు లేదు, ఒంటరిగ నేర్సుకునుడు గూడ లేదు. పెద్దోళ్ల పక్కన నిలవడి కొడుతరు. తప్పైతే పక్కోడు మోచేతితోని పొడుస్తడు. గిటార్ కనవడేది ఎక్కువ చర్చిలల్ల, ఆడ గూడ గిట్లనే నడుస్తది. ఆదివారం పెద్దోడు వాయిస్తుంటే చిన్నోడు పక్కన కూసొని కార్డ్‌లు పట్టుకుంటడు. వాళ్లకు పాట మధ్యల ఆగే అవకాశం లేదు, ఎందుకంటే జనం పాడుతనే ఉంటరు. ఒక్కడే గదిల వాయించేటోడు తప్పైనకాడ ఆగి మల్ల మొదలువెడుతడు. గా అలవాటు మస్తు చెడ్డది. నేను ఒక్కన్నే వాయించినన్ని దినాలు నా పాటలన్నీ సగం పాటలే.

ఇవన్నీ చెప్పంగ మా చిన్నమ్మ బిడ్డ అడిగింది: "అన్నా, నన్ను టౌనుకు ఎవలు పంపిస్తరు?" దాని దగ్గర నా కాడ జవాబు లేదు. ఇంటర్ సదువుతది. సాయంత్రం క్లాసు అంటే ఇంట్ల ఒప్పుకోరు. చేతిల సొంత ఫోన్ గూడ లేదు, వాళ్ల నాయిన పొలం నుంచి వచ్చినంక గంట సేపు దొరుకుతది. ఆడపిల్లలకు సొంతంగ నేర్సుకునుడు అనేది ఇష్టం గాదు, మిగిలిన ఒక్క తొవ్వ. సారు లేకుంటే సంగీతం రాదని గట్టిగ చెప్పేటోళ్లు ఈ పిల్లను గూడ యాదిల వెట్టుకోవాలె.

గసొంటోళ్లకు నేను చెప్పేది ఇది. ఫోన్‌ను చూసుడు కంటె, ఫోన్‌కు చూపెట్టుడు ఎక్కువ చేయుండ్రి. గోడకు ఆనిచ్చి కెమెరా తెరిచి, రెండు నిమిషాలు వాయించి రికార్డ్ చేసుకోండ్రి. మరునాడు చూడాలె, అదే దినం గాదు. అదే దినం మన తప్పు మనకు ముద్దుగనే ఉంటది. చూసేటప్పుడు వేళ్లు గాదు, మణికట్టు చూడాలె, భుజం లేచిందా చూడాలె, ముఖం బిగవట్టిండ్రా చూడాలె. అటెన్క కండ్లు మూసి ఉత్త సప్పుడు వినాలె. మెట్రోనోమ్ అని ఫ్రీ యాప్ ఉంటది, టిక్ టిక్ అని తాళం కొడుతది. నిమిషానికి 60 కాడ వెట్టి, టిక్‌కు ఒక్క దెబ్బ. నిదానం అనిపిస్తది గని, నిదానంగ కుదరనిది జోరుగ అస్సలు కుదరది. సి నుంచి జి కి నిమిషంల ఎన్నిసార్లు మారినవో లెక్కవెట్టి గోడ మీద సున్నం ముక్కతోని రాయి. మా చెల్లె మొదటి దినం 9 రాసింది. పోయిన వారం 34.

దినాం ఇరవై నిమిషాలు సాలు. ఆదివారం ఒక్కనాడే నాలుగు గంటలు కూసుంటే చెయ్యి చెడుతది, పాట రాదు. మణికట్టు నొప్పి, తిమ్మిరి వస్తే ఆపాలె. ఓర్సుకునుడు గొప్పతనం గాదు. ఆపినా తగ్గకుంటే డాక్టర్‌కు చూపెట్టాలె.

బస్సు కిరాయి పుట్టేటోళ్లకు నా లెక్క వేరు. మొదటి దినమే ఫీజు కట్టకుండ్రి. రెండు మూడు నెలలు ఫోన్‌తోని గుంజుండ్రి. ఐదు కార్డ్‌లు, రెండు పాటలు వస్తయి. గిటార్ మీద మీకు నిజంగ మోజు ఉన్నదా, ఊకె కొన్నరా అన్నది గూడ అప్పటికి తేలిపోతది. అటెన్క మంచి సారును ఎతికి నాలుగైదు క్లాసులకు పోండ్రి. పోయే ముందు కుదరనియన్ని కాగితం మీద రాస్కపోండ్రి. సారు మంచోడా కాదా అన్నది మొదటి క్లాసులనే తెలుస్తది. నిన్ను వాయించుమని విన్నడా, వినకుండనే పాఠం మొదలువెట్టిండా? మూడు నెలల పైసలు ఒక్కసారే అడిగినోని గడప దాటొద్దు. నెల నెలకు ఇస్త అంటే ఒప్పుకోనోడు, నువ్వు నెలకే మానేస్తవని ముందే తెలిసినోడు.

నేను ఆ ముసలి సారు కాడ నాలుగు నెలలే ఉన్న. పైసలు సరిపోక ఆపేసిన. ఆయన ఏం అనలె. "ఆరు నెలలకు ఒక్కసారి వచ్చి వాయించి పో, చూస్త" అన్నడు. ఇప్పటికి మూడుసార్లు పోయిన. పోయినసారి పోతే, ఎడమ చెయ్యి మంచిగున్నది గని కుడి చేతి మణికట్టు బిగవడుతుంది అన్నడు. ఇంటికొచ్చి ఫోన్ గోడకు ఆనిచ్చి రికార్డ్ చేసి చూసిన. నిజమే, బిగవట్టే ఉన్న. ఇప్పుడు దాని మీదనే వడ్డ.